అడగకముందే పట్టే పాలు

అడగందే అమ్మయినా పెట్టదని మన సామెత. చంటిబిడ్డకు అడగడమంటే ఏడవడమే. బిడ్డ ఏడుస్తుంది, తల్లి ఒళ్లోకి తీసుకుని పాలిస్తుంది. ఈ వరుసను తిరగేసే పద్ధతి ఒకటి కొన్నేళ్లుగా మన ఇళ్లలోకీ వచ్చింది. బిడ్డ రాత్రి ఏడున్నరకో ఎనిమిదికో పాలు తాగి పడుకుంటుంది. తల్లి ఇంటిపనులు ముగించుకుని, పదిన్నర ప్రాంతంలో తాను నడుం వాల్చబోయే ముందు, నిద్రలో ఉన్న ఆ బిడ్డను లేపకుండా మెల్లగా ఎత్తుకుని మరోసారి పాలు పడుతుంది. బిడ్డ కళ్లు తెరవకుండానే కాసేపు చీకి, మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. ఇంగ్లీషులో దీన్ని డ్రీమ్ ఫీడ్ అంటారు. ట్రేసీ హాగ్ అనే బ్రిటిష్ నర్సు 2001లో అచ్చయిన తన పుస్తకంతో ఈ మాటకు ప్రచారం తెచ్చింది. మనం దీన్ని నిద్రపాలు అని పిలుచుకుందాం. నిద్రపాలు పడితే బిడ్డ తెల్లవార్లూ లేవదని కొందరు ఆశపెడతారు. పడుకున్న బిడ్డను కదపడమే తప్పని మరికొందరు భయపెడతారు. ఈ రెండు మాటలూ నాకు సరిగా కనిపించవు. నిద్రపాలు బిడ్డకు కొత్తగా నిద్ర తెచ్చిపెట్టవు. బిడ్డకు ఎలాగూ ఉన్న పొడుగాటి నిద్రను తల్లి పడుకునే వేళకు జరుపుతాయి. అదీ అందరు పిల్లల విషయంలో కాదు. దాన్నుంచి అంతవరకే కోరుకుంటే అది మంచి ఉపాయమని నా అభిప్రాయం.

ముందు బిడ్డ నిద్ర ఎలా ఉంటుందో చూద్దాం. అప్పుడే పుట్టిన బిడ్డకు రాత్రీ పగలూ తేడా తెలియదు. రోజు మొత్తంలో 14 నుంచి 17 గంటలు పడుకుంటుంది గాని, ఆ నిద్రంతా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. చీకటి పడితే నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే రసాయనం ఒక లయ ప్రకారం ఊరడం బిడ్డ ఒంట్లో మొదలయ్యేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా తల్లిపాలే కొంత ఆ లోటు తీరుస్తాయి, రాత్రి వేళ వచ్చే పాలలో మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపు ఉండదు. పసిబిడ్డ నిద్రలో దాదాపు సగం, బయటికి కదలికలు కనిపించే నిద్ర. రెప్పల కింద గుడ్లు కదులుతాయి, పెదవులు చప్పరిస్తాయి, ఉన్నట్టుండి నవ్వు వస్తుంది. దేవుడు నవ్విస్తున్నాడని పెద్దవాళ్లు అనేది ఈ నిద్రనే. ఆ సమయంలో బుగ్గకు చనుమొన తగిలితే బిడ్డ మెలకువ లేకుండానే తల అటు తిప్పి అందుకుంటుంది. నిద్రలో పాలు పట్టడం సాధ్యమయ్యేది ఇందువల్లే. బిడ్డ రాయిలా, చేతులు వేలాడేసి పడుకున్నప్పుడు ఎంత ప్రయత్నించినా నోరు తెరవదు. కాసేపాగి, పెదవులు కదిలినప్పుడు మళ్లీ చూడాలి.

రెండు నెలలు దాటాక నిద్రముక్కల్లో ఒకటి మిగతావాటికంటే పొడుగవుతుంది. సాధారణంగా అది సాయంత్రం పడుకున్న తొలి నిద్రే. తల్లికి చిక్కు వచ్చేది ఇక్కడే. బిడ్డ ఏడున్నరకు పడుకుని అయిదు గంటలు ఏకబిగిన నిద్రపోయిందనుకుందాం. పన్నెండున్నరకు లేస్తుంది. ఆ అయిదు గంటల్లో మూడున్నర గంటలు తల్లి అంట్లు తోముకుంటూ, గుడ్డలు మడతపెట్టుకుంటూ, పెద్దపిల్ల హోంవర్కు చూస్తూ గడిపేసింది. పదకొండుకు పడుకున్న మనిషి గంటన్నరకే లేవాల్సి వచ్చింది. అక్కణ్ణించి తెల్లవారేదాకా రెండు గంటలకొకసారి మెలకువే. బిడ్డ బాగా నిద్రపోయింది, తల్లి పోలేదు. ఇప్పుడు పదిన్నరకు నిద్రపాలు పట్టారనుకోండి. అంతా అనుకూలిస్తే బిడ్డ మళ్లీ మూడింటిదాకానో మూడున్నరదాకానో లేవదు. తల్లికి నాలుగు గంటల పైచిలుకు ఏకనిద్ర దొరుకుతుంది. రోజు మొత్తంలో బిడ్డ పడుకున్న గంటలు పెరగకపోయినా తల్లి రాత్రి మారిపోయింది. బాలింత ఒంటికి గంటన్నర నిద్రకూ నాలుగు గంటల నిద్రకూ ఉన్న తేడా చిన్నది కాదు. మనసు కుదురుగా ఉండడానికీ, విసుగు లేకుండా బిడ్డను చూసుకోవడానికీ ఆ తేడా తోడ్పడుతుంది.

ఇది లెక్క. లెక్క ప్రకారం జరుగుతుందా అన్నది పరీక్షించి చూసినవాళ్లున్నారు. 1993లో అమెరికాలో పినిల్లా, బర్చ్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లిపాలు మాత్రమే తాగే 26 మంది తొలిచూలు పిల్లలను తీసుకున్నారు. 13 మంది తల్లిదండ్రులకు మూడు పనులు నేర్పారు. రాత్రి పదికీ పన్నెండుకీ మధ్య బిడ్డకు తప్పకుండా ఒకసారి పాలివ్వడం మొదటిది. పగటికీ రాత్రికీ తేడా తెలిసేలా పగలు వెలుతురు, రాత్రి చీకటి ఉంచడం రెండోది. కొన్ని వారాలు గడిచాక, నడిరాత్రి బిడ్డ కదలగానే పాలు అందించకుండా ముందు గుడ్డ మార్చడం, పొత్తిళ్లు సరిచేయడం, కాసేపు ఎత్తుకు తిప్పడం, అలా పాలకూ పాలకూ మధ్య ఎడం మెల్లగా పెంచడం మూడోది. మిగతా 13 మందికి ఇవేమీ చెప్పలేదు. ఎనిమిది వారాలు వచ్చేసరికి నేర్పిన ఇళ్లలోని పిల్లలందరూ అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము అయిదింటిదాకా పడుకుంటున్నారు. రెండో జట్టులో అలా పడుకున్నవాళ్లు 23 శాతం, అంటే ముగ్గురే. రోజు మొత్తం తాగిన పాలు కొలిస్తే రెండు జట్లకూ తేడా లేదు. రాత్రి తగ్గిన పాలను పిల్లలు తెల్లవారి మొదటిసారి తాగేటప్పుడు ఎక్కువ తాగి పూడ్చుకున్నారు.

ఈ ఫలితం చూసి ఎవరైనా సంబరపడతారు. కాని రెండు విషయాలు మరచిపోకూడదు. 26 మంది చాలా చిన్న సంఖ్య. పైగా ఇక్కడ పరీక్షకు నిలబడ్డది నిద్రపాలు ఒక్కటే కాదు, మూడు పనుల కట్ట. మూడింట్లో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పే వీలు లేదు. తరవాత 2001లో ఇంగ్లండులో సెయింట్ జేమ్స్ రాబర్ట్స్ బృందం ఇలాంటి కట్టనే 610 మంది తల్లులతో పెద్ద ఎత్తున పరీక్షించింది. అక్కడ కూడా మేలు కనిపించింది, అయితే ఎంతో తగ్గి కనిపించింది. 12 వారాల వయసుకు రాత్రి అయిదు గంటలో ఆపైనో ఏకంగా పడుకునే పిల్లల సంఖ్య సుమారు పదిశాతం పెరిగింది. అదే సమాచారాన్ని మళ్లీ పరిశీలించి 2003లో వచ్చిన వ్యాసం ఇంకో మాట చెప్పింది. పుట్టిన తొలివారంలో రోజుకు 11సార్లకంటే ఎక్కువ పాలు తాగే పిల్లలు మూడు నెలలకు కూడా రాత్రి లేస్తూ ఉండే అవకాశం ఎక్కువట. అలాంటి పిల్లల్లో ఈ పద్ధతి పాటించినవాళ్లు 82 శాతం, పాటించనివాళ్లు 61 శాతం రాత్రి నిద్రకు అలవాటుపడ్డారు. అంటే మొత్తమ్మీద కాస్త, కొందరికి బాగా ఉపయోగపడింది. నూటికి నూరు అన్నమాటను పక్కనపెట్టి, ఈ రెండో చిత్రాన్నే మనం ఇంటికి తీసుకెళ్లడం న్యాయం.

పొట్ట నిండితే నిద్ర నిండుతుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే మాట్లాడాలి. నిద్రపాలు పనిచేసినప్పుడు, ఇన్ని పాలకే ఇంత నిద్ర పడితే చిక్కటివి పడితే ఇంకెంత పడుతుందోనన్న ఆలోచన సహజంగా వస్తుంది. డబ్బాపాలలో పొడి ఒక చెంచా ఎక్కువ కలపడం, మూడో నెలలోనే రాత్రిపూట ఉగ్గు పెట్టేయడం అక్కణ్ణించే మొదలవుతాయి. 1989లో అమెరికాలో ఈ నమ్మకాన్నే పరీక్షించారు. పడుకునే ముందు కొందరు పిల్లలకు అయిదు వారాల వయసు నుంచి, మరికొందరికి నాలుగు నెలల నుంచి బియ్యప్పిండి జావ పెట్టి చూస్తే, రాత్రి నిద్రలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. 2015లో బ్రిటన్‌లో ఆరు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలున్న 715 మంది తల్లులను అడిగి తెలుసుకున్నది మరీ ఆలోచించదగ్గది. పగలు పాలూ తిండీ ఎక్కువ తీసుకున్న పిల్లలు రాత్రి పాలు తక్కువ తాగారు. మేలుకోవడం మాత్రం తగ్గలేదు. తల్లిపాల పిల్లలకూ డబ్బాపాల పిల్లలకూ మధ్య మెలకువల్లో తేడా లేదు. బిడ్డ లేచేది ఆకలికి మాత్రమే కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. గంటకో కాస్త అటూఇటూగానో ఒక్కో నిద్రచక్రం ముగిసినప్పుడల్లా పసివాళ్లకు మెలకువ తొంగిచూస్తుంది. లండన్‌లో 101 మంది పిల్లల రాత్రులను చీకట్లోనూ పనిచేసే కెమెరాలతో చిత్రించి 2015లో ప్రచురించిన పరిశోధనలో, కొందరు పిల్లలు మధ్యలో లేచి, ఎవరినీ పిలవకుండా, తమంతట తామే మళ్లీ పడుకోవడం కనిపించింది. తల్లి దృష్టిలో ఆ బిడ్డ రాత్రంతా నిద్రపోయినట్టే. కాబట్టి నిద్రపాలు ఆకలి మెలకువను ఒకదాన్ని ముందుకో వెనక్కో నెట్టగలవు గాని, మిగతా మెలకువల జోలికి పోలేవు. పాలు చిక్కబరచడం వల్ల నిద్ర రాదు. పొడి ఎక్కువైతే బిడ్డకు నీరు చాలక ప్రమాదం, ఆరు నెలల లోపు ఉగ్గు పెడితే తల్లిపాలకు ఎసరు.

ఇక అభ్యంతరాలు. నిద్రపోయే బిడ్డను లేపకూడదన్నది పెద్దల మాట. అందులో సత్యం లేకపోలేదు. కొందరు పిల్లలు ఎత్తుకోగానే కళ్లు విప్పి, దీపం వైపు చూసి, గంటసేపు ఆటలు మొదలుపెడతారు. అలాంటి బిడ్డకు నిద్రపాలు పట్టడం ఉన్న నిద్రను చెడగొట్టడమే. కాని బిడ్డ అలాంటిదో కాదో ఒక్క రాత్రికి తేలదు. దీపం వేయకుండా, మాట్లాడకుండా, గుడ్డ బాగా తడిస్తే తప్ప మార్చకుండా వరసగా ఓ వారం చూడాలి. నడిరాత్రి మెలకువ ఆలస్యమైతే కొనసాగించాలి. అదే వేళకు లేస్తూ ఉంటే మానేయాలి, ఎందుకంటే అప్పుడు తల్లికి ఒక పని పెరిగిందే గాని నిద్ర పెరగలేదు. వారం చూసి మానేసిన తల్లి ఎందులోనూ ఓడిపోయినట్టు కాదు. 2018లో ప్రచురితమైన కెనడా పరిశోధనలో ఆరు నెలల పిల్లల్లో సుమారు 38 శాతం, ఏడాది పిల్లల్లో సుమారు 28 శాతం రాత్రి ఆరు గంటలు ఏకబిగిన పడుకోవడం లేదని తేలింది. అలా పడుకోని పిల్లల ఎదుగుదలలో గాని, వాళ్ల తల్లుల మనఃస్థితిలో గాని పెద్ద తేడా కూడా కనిపించలేదు. పక్కింటి బిడ్డ తెల్లవార్లూ పడుకుంటుందని విన్న ప్రతి తల్లికీ ఈ సంఖ్యలు చెప్పాలనిపిస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. మన ఊళ్లలో బిడ్డ తల్లి పక్కలోనే ఉంటుంది, కదిలినప్పుడు తల్లి పక్కకు తిరిగి పాలిచ్చేస్తుంది, ఇద్దరూ సగం నిద్రలోనే ఉంటారు, ఈ గడియారం లెక్కలు మనకెందుకు అని అడగవచ్చు. నిజమే. ఆ ఏర్పాటుతో తల్లికి నిద్ర చాలుతుంటే నిద్రపాల అవసరమే లేదు. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లి, మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా తల్లి చాటున ఉండే అమ్మాయికి బిడ్డ లేచినా ఎత్తుకునేందుకు ఇంకో చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి తప్పిపోయాకే కష్టం. పొద్దున్నే బాక్సులు కట్టి బస్సెక్కే ఉద్యోగిని, తెల్లవారకముందే కూలికి బయల్దేరే మనిషి, అమ్మమ్మ వీసా గడువు ముగిసి విమానం ఎక్కాక డాలస్‌లో దంపతులే మిగిలిన ఇల్లు, వీళ్ల సంగతి ఆలోచించాలి. మన దేశంలో 2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది గాని, పొలం పనిచేసే స్త్రీకి అది కాగితం మీది మాటే. రాత్రి పదిన్నరకు బిడ్డను ఒకసారి ఎత్తుకోవడం ఇలాంటి తల్లికి ఖర్చులేని సాయం. సాయం అక్కర్లేనివాళ్ల అనుభవాన్ని చూపించి, అవసరమైనవాళ్లను వద్దనడం సరికాదు.

పాలు తగ్గిపోతాయేమోనన్న భయం మూడోది. పాలు ఊరడానికి తోడ్పడే ప్రొలాక్టిన్ రాత్రివేళే ఎక్కువగా ఉంటుంది. నిద్రపాల వల్ల రాత్రి పాలు ఒకసారి పెరుగుతున్నాయే గాని తగ్గడం లేదు కదా అనిపించవచ్చు. కాని తరవాత వచ్చే ఎడం పొడుగవుతుంది కాబట్టి ఈ భయాన్ని కొట్టిపారేయలేం. అందుకే మొదటి వారాల్లో దీని జోలికి పోవద్దనే చెప్తాను. అప్పుడే పుట్టిన బిడ్డకు రోజుకు 8 నుంచి 12సార్లు పాలు కావాలి. పుట్టినప్పటి బరువు తిరిగి రావడానికే రెండు వారాలు పట్టవచ్చు. బరువు తక్కువగా పుట్టినవాళ్లను, నెలలు నిండనివాళ్లను, పచ్చకామెర్లున్నవాళ్లను నిద్ర నుంచి లేపి మరీ పాలు పట్టమని డాక్టర్లు చెప్తారు. అది వైద్యం, దానికీ తల్లి నిద్రకూ సంబంధం లేదు. పాలు కుదురుకుని, బిడ్డ బరువు సక్రమంగా పెరుగుతున్న ఆరు నుంచి ఎనిమిది వారాల తరవాత నిద్రపాలు మొదలుపెడితే ఇబ్బంది ఉండదు. ఇంకొక్క మాట. పాలిస్తున్నాం కాబట్టి మళ్లీ గర్భం రాదని నమ్ముకున్నవాళ్లు, ఆ రక్షణకు నియమాలున్నాయని గుర్తుంచుకోవాలి. బిడ్డకు ఆరు నెలల లోపు వయసు, తల్లిపాలే ఆహారం, నెలసరి మొదలుకాకపోవడం, రాత్రి పాల మధ్య ఎడం ఆరు గంటలు దాటకపోవడం. బిడ్డ ఏకంగా ఏడు గంటలు పడుకోవడం మొదలైతే వేరే జాగ్రత్త తీసుకోవాలి.

గొంతుకు అడ్డంపడుతుందేమోనన్న భయానికి జవాబు పాలు పట్టే తీరులో ఉంది. రొమ్ము పట్టి చీకే బిడ్డ, నిద్రమత్తులో ఉన్నా, చీకడం, మింగడం, ఊపిరి తీయడం ఒక లయలో చేసుకుంటుంది. తనకు చాలనుకున్నప్పుడు వదిలేస్తుంది. పోసిన పాలకు ఆ లయ లేదు. అందుకే నిద్రలో ఉన్న బిడ్డ నోట్లో ఉగ్గుగిన్నెతో గాని చెంచాతో గాని పాలు ఎప్పుడూ పోయకూడదు. ఉగ్గుగిన్నె మంచిదే, సీసాకంటే శుభ్రం చేసుకోవడం తేలిక, కాని బిడ్డ మెలకువగా ఉండి గుటక వేస్తున్నప్పుడే. పిండి తీసిన తల్లిపాలు సీసాతో తండ్రి పట్టాలనుకుంటే బిడ్డ తల ఎత్తుగా ఉండేలా ఒళ్లోకి తీసుకోవాలి, పాలపీకను పెదవికి తాకించి బిడ్డ తానే అందుకునేదాకా ఆగాలి, తాగడం ఆపితే తీసేయాలి. సీసాను దిండుకు ఆనించి వదలడం ప్రమాదం. పడుకోబెట్టి పట్టిన సీసాపాల వల్ల చెవిలో చీము రావడం, పళ్లు వచ్చాక అవి పుచ్చడం కూడా తెలిసినవే. తాగాక కొన్ని నిమిషాలు భుజాన వేసుకుని, తేన్పు వచ్చినా రాకపోయినా, వెల్లకిలా పడుకోబెట్టాలి. బోర్లా వద్దు. ఈ పని సోఫాలో కూర్చుని చేయవద్దని ప్రత్యేకంగా చెప్పాలి. రోజంతా అలసిన తల్లికి అక్కడే కునుకు పడితే, ఆ మెత్తటి సందుల్లో బిడ్డకు ఊపిరాడకపోవచ్చు.

పదిన్నరకు తండ్రి పాలు పడితే తల్లి తొమ్మిదికే పడుకోవచ్చు. అప్పుడు ఆమెకు దొరికే నిద్ర సుమారు ఆరు గంటలు. నిద్రపాల వల్ల పూర్తి ప్రయోజనం కనిపించేది ఇలాంటి ఇంట్లోనే. పాలు పిండి పెట్టడం కుదరకపోతే, బిడ్డను ఎత్తి తెచ్చి పడుకున్న తల్లికి అందించి, తాగాక భుజాన వేసుకుని మళ్లీ పడుకోబెట్టినా ఆమెకు సగం శ్రమ తప్పుతుంది. ఎప్పటికీ ఈ అలవాటు ఉండిపోతుందేమోనని అడిగేవాళ్లకు చెప్పేది ఒకటే. అన్నప్రాశన అయి, ఆరు నెలల తరవాత పగలు మెత్తటి తిండి కుదిరాక, నిద్రపాల సమయాన్ని రోజుకు కాస్త ముందుకు జరుపుతూ సాయంత్రం పాలలో కలిపేయవచ్చు, లేదా తాగే నిమిషాలు తగ్గిస్తూ రావచ్చు. చాలా ఇళ్లలో అంత ప్రయత్నం కూడా అక్కర్లేదు. ఒక రాత్రి అలసటతో పదిన్నర సంగతి మరిచిపోయి పడుకుంటారు. బిడ్డ రోజూ లేచే వేళకే లేస్తే, లేదా ఇంకా ఆలస్యంగా లేస్తే, ఆ పాలతో పని తీరిపోయిందన్నమాట. మర్నాటి నుంచి మానేయవచ్చు.